ఇంజిన్‌కి ఊపిరి పరీక్ష!

ఆగినచోట కారు వణుకుతోంది. ఎత్తు ఎక్కమంటే మొరాయిస్తోంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి ఒక్కమాట అంటాడు... 'ఇంజిన్ దించాలండీ!' అంతే, ఇంటి లెక్కలన్నీ తారుమారు. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఇంజిన్ విప్పకుండానే దాని లోపలి జబ్బేమిటో చెప్పే పరీక్ష ఒకటుంది. మహా అయితే గంట, రెండు గంటల పని. అది చేయించాకే మిగతా మాట.

విజయవాడలో ఓ మాస్టారి కుటుంబం ఉందనుకుందాం. భార్యాభర్తలు, ఇంటర్ చదివే కూతురు. పదకొండేళ్ల కిందట కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది. నాలుగు సిలిండర్లది. ఖర్చు కలిసొస్తుందని మూడేళ్ల కిందట దానికి సీఎన్‌జీ కిట్ పెట్టించారు. నెలకోసారి ఊరికెళ్లి నానమ్మను ఎక్కించుకొచ్చి, ఆసుపత్రిలో చూపించి, మళ్లీ దింపి రావడం... ఆ కారు చేసే పనుల్లో ముఖ్యమైనది అదే. అందుకే దాన్ని అమ్మాలంటే ఇంట్లో ఎవరికీ మనసొప్పదు.

కొన్నాళ్లుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, సీటు అదురుతోంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం లేదు. ప్లగ్గులు మార్చారు. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. వారం రోజులు బాగున్నట్టే అనిపించింది. తర్వాత మళ్లీ మామూలే. చివరికి వీధి చివరి షెడ్డులో తేల్చి చెప్పేశారు. 'ఇంజిన్ పని వచ్చింది సార్. దించి, బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు కొత్తవి వేయాలి'. వాళ్లు చెప్పిన మొత్తం అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బుకు సమానం!

ఎందుకైనా మంచిదని మాస్టారు ఆటోనగర్‌లో ఓ పాత మేస్త్రీ దగ్గరికెళ్లారు. ఆయన అంతా విని ఒకటే ప్రశ్న వేశాడు.

'కంప్రెషన్ చూశారా మాస్టారూ?'

'లేదండీ. ఇంజిన్ చప్పుడు వినే చెప్పేశారు.'

'జ్వరం ఎంతుందో చూడకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కించేస్తారా ఎవరైనా?'

ఇది ఏ ఒక్కరి కథో కాదు. పాత కారున్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. ఆ మేస్త్రీ అడిగిన ప్రశ్న తెలియకపోవడం వల్లే చాలామంది అవసరం లేని పనికి డబ్బు పోస్తారు. లేదంటే, చిన్న పనితో బాగయ్యే బండిని ఎంతొస్తే అంతకు అమ్మేసుకుంటారు.

నొక్కితేనే బలం

ఇంతకీ కంప్రెషన్ అంటే ఏమిటి? తెలుగులో చెప్పాలంటే నొక్కి పెట్టడం. పెట్రోలు ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి వస్తుంది. పిస్టన్ పైకి వచ్చి దాన్ని సుమారు పదో వంతుకి నొక్కేస్తుంది. సరిగ్గా అప్పుడే ప్లగ్గు నిప్పురవ్వ విసురుతుంది. మిశ్రమం భగ్గుమంటుంది. ఆ వేడికి వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి పిస్టన్‌ని కిందికి తన్నుతుంది. ఆ తన్నే చక్రాలను తిప్పే బలం. తర్వాత పిస్టన్ మళ్లీ పైకొస్తూ కాలిన పొగను బయటికి నెట్టేస్తుంది. పీల్చు, నొక్కు, మండించు, వదులు... ఈ నాలుగే ఇంజిన్ చేసే పనులు. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు ఈ తతంగం పూర్తవుతుంది.

ఇందులో రెండోది, అంటే నొక్కడం, ఎంత కీలకమో చరిత్రే చెబుతుంది. 1860లో ఫ్రాన్స్‌లో ఎటియెన్ లెన్వార్ గ్యాసుతో నడిచే ఇంజిన్ తయారుచేశాడు. అందులో మిశ్రమాన్ని నొక్కకుండానే మండించేవారు. అది పనిచేసింది కానీ ఇంధనాన్ని బకాసురుడిలా మింగేది. 1876లో జర్మనీకి చెందిన నికొలస్ ఒట్టో ముందు బాగా నొక్కి తర్వాత మండించే నాలుగు అంచెల ఇంజిన్ చేసి చూపించాడు. ఇవాళ మన వీధుల్లో తిరిగే పెట్రోలు కార్లన్నీ ఆ సూత్రానికి వారసులే.

నొక్కినప్పుడు ఆ ఒత్తిడి ఎంతుంటుంది? టైర్లలో గాలి కొట్టించేటప్పుడు '30 పెట్టు, 32 పెట్టు' అంటాం కదా... ఆ లెక్కను పీఎస్ఐ అంటారు. ఒక చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల ఒత్తిడి పడుతోందో చెప్పే కొలత అది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల సుమారు 15 పీఎస్ఐ ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న పెట్రోలు ఇంజిన్ సిలిండర్‌ని గేజీతో కొలిస్తే సాధారణంగా 120 నుంచి 200 మధ్య చూపిస్తుంది. అంటే కుక్కర్‌కి పదింతలు! అది కూడా ఇంకా మంట అంటుకోకముందే. అంత ఒత్తిడిని బిగబట్టి ఉంచాల్సిన చోట వెంట్రుకంత సందు దొరికినా గాలి ఊరుకుంటుందా?

గాలి జారే మూడు దారులు

సిలిండర్‌లోంచి ఒత్తిడి జారిపోవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఇంజిన్ తెలియకపోయినా ఈ మూడూ మనకు బాగా తెలిసినవే.

మొదటిది సైకిల్ పంపు. లోపలి వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా టైరులోకి గాలి ఎక్కదు, పక్కల నుంచి పైకి తన్నేస్తుంది. ఇంజిన్‌లో ఆ వాషరు పని చేసేవి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. అవి అరిగినా, విరిగినా, సిలిండర్ గోడ... అదే మేస్త్రీలు 'బోరు' అనేది... గీతలు పడినా గాలి కిందికి, ఇంజినాయిల్ ఉండే గదిలోకి జారిపోతుంది. ఆయిల్ పైకి ఎక్కి కాలిపోతుంది. సైలెన్సర్ నుంచి నీలంరంగు పొగ రావడానికి ఇదో కారణం.

రెండోది గోలీసోడా. సీసాలోని గ్యాసే గోలీని పైకి నెట్టి, రబ్బరు వలయానికి అదిమి మూత వేస్తుంది. గోలీ చిట్లినా, రబ్బరు తెగినా సోడా చప్పబడిపోతుంది. ఇంజిన్‌లో వాల్వులూ అంతే. గాలి లోపలికి వచ్చేందుకు కొన్ని, పొగ బయటికి పోయేందుకు కొన్ని. స్ప్రింగు వాటిని మూసి పెడితే, లోపలి ఒత్తిడి మరింత గట్టిగా సీటుకి అదుముతుంది. వాల్వు అంచు కాలినా, సీటు అరిగినా మూత సరిగా పడదు.

మూడోది ప్రెషర్ కుక్కర్. గ్యాస్కెట్ పాడైతే విజిల్ రాదు, ఆవిరంతా మూత చుట్టూ పోతుంది. ఇంజిన్ బ్లాకుకీ, పైనుండే హెడ్డుకీ మధ్య అచ్చంగా అలాంటిదే హెడ్ గ్యాస్కెట్. అది కాలితే ఒత్తిడి పక్క సిలిండర్‌లోకో, కూలెంట్ తిరిగే దారిలోకో పోతుంది. కూలెంట్ ఇంజినాయిల్‌లో కలిస్తే నూనె పాలు పోసిన టీ రంగుకి మారుతుంది. సిలిండర్‌లోకి దిగితే తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది.

మూడు దారులకూ బయటికి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే... వణుకు, పికప్ లేకపోవడం, మైలేజీ పడిపోవడం. కానీ మందులు వేరు. రింగులూ బోరూ పోతే ఇంజిన్ దాదాపు మొత్తం విప్పాలి. వాల్వయినా గ్యాస్కెటయినా సాధారణంగా పైన హెడ్డు ఒక్కటి తీస్తే సరిపోతుంది. ఖర్చులో ఆ రెండింటికీ చాలా తేడా. మాస్టారి ఇంట్లో తేలాల్సిన లెక్క అదే.

గేజీ పెడితే తెలిసేది

అంబాసిడర్ల కాలంలో ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పి స్టార్ట్ చేసేవారు గుర్తుందా? అనుభవమున్న మేస్త్రీలు ఆ హ్యాండిల్‌ని మెల్లగా తిప్పుతూ, ఏ సిలిండర్ దగ్గర చేతికి బరువు తగలడం లేదో చెప్పేసేవారు. ఇంకొందరు ప్లగ్గు తీసేసి ఆ కన్నం మీద బొటనవేలు అదిమి పట్టేవారు. గాలి వేలిని తన్నితే సరే, లేకపోతే తేడా ఉన్నట్టే. ఇప్పుడు ఆ వేలి స్థానంలో గేజీ వచ్చింది. ప్లగ్గు కన్నంలో బిగించే గొట్టం, చివర గుండ్రటి మీటరు. కొత్త టైరు ఒక్కటి కొనే డబ్బు కంటే తక్కువకే దొరుకుతుంది.

ఆటోనగర్ మేస్త్రీ ముందు ఇంజిన్‌ని కాసేపు నడిపి వెచ్చబడనిచ్చాడు. చల్లగా ఉన్నప్పుడు లోహం పూర్తిగా సాగదు కాబట్టి కొలత సరిగా రాదు. తర్వాత ఆపి, పెట్రోలు పంపు ఫ్యూజు తీశాడు. సీఎన్‌జీ వాల్వు కట్టేశాడు. ప్లగ్గులకు కరెంటు అందకుండా కాయిల్ కనెక్షన్లు పీకాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా గుడ్డ మీద పేర్చాడు. మొదటి కన్నంలో గేజీ బిగించాడు.

'తమ్ముడూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు. అయిదారు పొంగులు రానీ.'

యాక్సిలరేటర్ తొక్కేది గాలి లోపలికి ధారాళంగా రావడానికి. తొక్కకపోతే మంచి ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే. అందుకే నాలుగు సిలిండర్లకూ ఒకే పద్ధతి, అన్నేసి పొంగులు. చూసిన అంకెను చూసినట్టే సుద్దముక్కతో బానెట్ రేకు లోపలివైపు రాశాడు మేస్త్రీ.

ఒకటో సిలిండర్: 165. రెండు: 160. మూడు: 95. నాలుగు: 160.

మాస్టారికి వేరే వివరణ అక్కర్లేకపోయింది. నలుగురు పిల్లల మార్కుల్లో ఎవరు వెనకబడ్డారో ఆయనకు చెప్పాలా!

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అంకె ఎంతొచ్చిందన్న దానికంటే అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. ఎక్కువ, తక్కువల మధ్య తేడా 10, 15 శాతం లోపు ఉంటే నిశ్చింత. అన్నిటికంటే తక్కువ వచ్చినది, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాంట్లో 75 శాతం కూడా లేకపోతే రోగం ఉన్నట్టే లెక్క. కచ్చితంగా ఎంత ఉండాలో ఆ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఊరిని బట్టి కూడా కాస్త మారుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో గాలి కొంచెం పలచన. అదే ఇంజిన్‌ని విశాఖపట్నంలో కొలిచినప్పటికన్నా అక్కడ అయిదారు శాతం తక్కువ చూపిస్తుంది. అది జబ్బు కాదు.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లలోనూ ఒత్తిడి పడిపోతే ముందుగా అనుమానించాల్సింది వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్‌ని. అన్నింట్లోనూ సమానంగా తక్కువ వస్తే ఇంజిన్ మొత్తం అరిగిందేమో చూడాలి. టైమింగ్ బెల్టో చెయినో ఒక పన్ను జారినా అలాగే వస్తుంది. తొందరపడి తీర్పు చెప్పకూడదనేది అందుకే.

చెంచాడు నూనె సాక్ష్యం

మూడో సిలిండర్‌లో ఒత్తిడి పోతోందని తేలింది. ఏ దారిన పోతోంది? దీనికి మేస్త్రీల దగ్గర తరాలుగా ఉన్న చిట్కా ఒకటుంది. ప్లగ్గు కన్నంలోంచి ఒక చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ కొలవడం. పోసిన నూనె పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందులను తాత్కాలికంగా పూడ్చేస్తుంది. దాంతో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే దొంగ దొరికినట్టే... రింగులో బోరో అరిగాయి. నూనె పోసినా అంకె కదలకపోతే తప్పు రింగులది కాదు, పైన వాల్వుదో గ్యాస్కెట్‌దో.

మాస్టారి కారులో నూనె పోశాక గేజీ 100 దగ్గర ఆగింది. 95 ఎక్కడ, 100 ఎక్కడ? ఆ మాత్రం తేడాను పెరుగుదల అనలేం. అంటే, వీధి చివరి షెడ్డువాళ్లు మార్చాలన్న రింగులు, పిస్టన్లు నిక్షేపంగా ఉన్నాయన్నమాట!

ఒక జాగ్రత్త. ఈ నూనె చిట్కా పెట్రోలు ఇంజిన్లకే. డీజిల్ ఇంజిన్లో పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు మరీ తక్కువ. పైగా అక్కడ ప్లగ్గు నిప్పురవ్వతో పనిలేదు, నొక్కుడు వేడికే ఇంధనం అంటుకుంటుంది. నూనె పోస్తే లెక్క తప్పడమే కాదు, ప్రమాదం కూడా. డీజిల్ ఒత్తిడి 300 పీఎస్ఐకి పైనే ఉంటుంది కాబట్టి గేజీ కూడా వేరేది కావాలి. చలికాలం పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి డీజిల్ బండి సతాయిస్తోందంటే దాని వెనక కంప్రెషన్ తగ్గడం ఒక కారణం కావొచ్చు.

చెవి పెట్టి వింటే...

మేస్త్రీ అక్కడితో ఆగలేదు. 'ఎక్కడ పోతోందో దాని నోటితోనే చెప్పిద్దాం' అంటూ గాలి కంప్రెసర్ గొట్టం తెచ్చాడు. దీన్ని లీక్‌డౌన్ టెస్ట్ అంటారు. మొదటి పరీక్షలో ఇంజినే గాలిని నొక్కుతుంది. ఇందులో మనమే బయటి నుంచి గాలి పంపి, ఎంత నిలుస్తుందో, ఎంత జారుతుందో చూస్తాం.

పిస్టన్ నొక్కే అంచెలో సరిగ్గా పై చివరికి వచ్చేలా ఇంజిన్‌ని తిప్పి పెడతారు. ఆ స్థితిలో రెండు రకాల వాల్వులూ మూసి ఉంటాయి. ప్లగ్గు కన్నంలోంచి 100 పీఎస్ఐ గాలి వదులుతారు. పరికరానికి రెండు మీటర్లు. ఒకటి పంపిన గాలిని, రెండోది లోపల నిలిచిన గాలిని చూపిస్తాయి. 100 పంపితే 90 నిలిచిందంటే పది శాతం కారుతోందన్నమాట. పది లోపు ఉంటే బాగున్నట్టు. ఇరవై దాకా సర్దుకోవచ్చు. ముప్పై దాటితే పని పడినట్టే. ఏ ఇంజిన్ అయినా సున్నా చూపించదు. రింగుల చివర్ల దగ్గర చిన్న సందు ఎప్పుడూ ఉంటుంది.

అసలు గమ్మత్తు తర్వాతే ఉంది. జారే గాలి ఏదో ఒకచోట బయటికి రావాలి కదా! ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి 'స్స్...' మని వినిపిస్తే గాలి లోపలికొచ్చే వాల్వు లీకు. సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే పొగ పోయే వాల్వు. ఆయిల్ పోసే మూత తీస్తే అందులోంచి వస్తుంటే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తుంటే హెడ్ గ్యాస్కెట్ కాలడమో, హెడ్డు పగలడమో. పక్క ప్లగ్గు కన్నంలోంచి తన్నుతుంటే రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్. డాక్టరు స్టెతస్కోప్ పెట్టి విన్నట్టే!

మూడో సిలిండర్‌కి గాలి వదలగానే రెండో మీటరు 55కి పడిపోయింది. నలభై అయిదు శాతం లీకు. మేస్త్రీ మాస్టారిని కారు వెనక్కి పిలిచాడు. 'చెవి పెట్టండి మాస్టారూ'. సైలెన్సర్ గొట్టంలోంచి సన్నగా, ఆగకుండా ఈల. పొగ పోయే వాల్వు!

ఎందుకిలా అయ్యింది? గ్యాసుతో నడిచే పాత పెట్రోలు ఇంజిన్లలో తరచూ వచ్చే ఇబ్బందే ఇది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ పొడి ఇంధనాలు. పెట్రోలులా వాల్వు సీటుకి కాస్తయినా రక్షణ ఇవ్వవు. సీటు మెల్లమెల్లగా అరిగి వాల్వు లోతుకి దిగిపోతుంది. దాంతో వాల్వు కదలడానికి ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది. వాల్వు పూర్తిగా మూతపడక, మంట ఆ సందులోంచి దూసుకొచ్చి అంచుని కాల్చేస్తుంది. టాపెట్లు సర్దుకునే వీలున్న ఇంజిన్లలో ఆ ఖాళీని సమయానికి చూపించుకుంటే చాలావరకు తప్పుతుంది. కిట్ పెట్టించినప్పుడు మాస్టారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈ పరీక్ష షెడ్డులకే పరిమితం కాదు. పైలట్ శిక్షణకు వాడే చిన్న పిస్టన్ విమానాలకు నిర్ణీత తనిఖీల్లో దీన్ని చేస్తారు. అక్కడ 80 పీఎస్ఐ గాలి పంపుతారు. 72 నిలిస్తే '72/80' అని రికార్డులో రాస్తారు. గాల్లో ఇంజిన్ మొరాయిస్తే పక్కకి ఆపుకునే చోటుండదు మరి!

ఇదంతా చదివి ఇంట్లో ప్రయత్నిస్తానంటే మాత్రం వద్దు. పిస్టన్ సరిగ్గా పై చివర లేకపోతే గాలి తోపుకి ఇంజిన్ గిర్రున తిరుగుతుంది. పానా అక్కడే వదిలేస్తే చేతులు విరుగుతాయి. అలవాటున్నవాళ్లు చేయాల్సిన పని ఇది. మనకు కావాల్సింది ఏం అడగాలో, అంకెలను ఎలా చదవాలో తెలియడం.

పాత కారు కొంటున్నారా?

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే ఇంటిల్లిపాదీ తలో చెయ్యీ వేస్తారు. ఒకరు పెయింటు, ఒకరు సీట్లు, పిల్లలు మ్యూజిక్ సిస్టమ్. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో అందరూ చూస్తారు. ఇంజిన్ ఊపిరి మాత్రం ఎవరూ చూడరు. పెయింటు కొత్తగా కొట్టించొచ్చు, మీటరు వెనక్కి తిప్పొచ్చు. కంప్రెషన్‌ని అంత సులువుగా దాచలేరు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి గుర్తుపెట్టుకోండి.

* నమ్మకమైన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. అంకెలు కాగితం మీద రాయించుకోండి.

* 'అన్నీ బాగున్నాయి' అనే మాట చాలదు. ఏ సిలిండర్‌కి ఎంత వచ్చిందో అడగండి.

* కారు చూడ్డానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, చల్లారాక ఓసారి స్టార్ట్ చేసి చూపించమనండి. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు బయటపడే లోపాలు వేడి మీద కనిపించవు.

* ఆయిల్ మూత లోపలివైపు, డిప్‌స్టిక్ చూడండి. తెల్లటి నురగలా ఉంటే కూలెంట్ కలుస్తోందేమోనని అనుమానించండి.

* పరీక్షకు అమ్మేవాళ్లు ససేమిరా అంటే ఎందుకో ఆలోచించండి.

ఇప్పటి కార్లకు స్కానర్ పెడితే ఏ సిలిండర్ సరిగా మండటం లేదో కోడ్ రూపంలో చెప్పేస్తుంది. పీ 0303 అంటే మూడో సిలిండర్ అని అర్థం. కానీ అది 'ఎక్కడ' అన్నది చెబుతుందే తప్ప 'ఎందుకు' అన్నది చెప్పదు. ప్లగ్గు పోయినా, కాయిల్ పోయినా, ఇంజెక్టర్ మూసుకుపోయినా, వాల్వు కాలినా అదే కోడ్. కంప్రెషన్ బాగుందని తేలిందనుకోండి, ఇంజిన్ జోలికే పోకుండా కాయిలో ప్లగ్గో మార్చుకుని ఇంటికెళ్లొచ్చు. ఈ పరీక్షకు అంతకన్నా మంచి ఫలితం ఏముంటుంది!

అలాగని ఇది సర్వరోగ నిర్ధారిణి కాదు. బేరింగులు అరిగి లోపల టకటకమంటున్నా కంప్రెషన్ బాగానే చూపిస్తుంది. వాల్వు సీళ్లు పాడై, పొద్దున్నే నీలం పొగ వదిలే ఇంజిన్ కూడా గేజీ దగ్గర మంచి మార్కులే తెచ్చుకుంటుంది. గేర్‌బాక్సు, క్లచ్ సంగతి దీనికి అసలే తెలియదు. ఒక్కోసారి చేదు వార్తే చెబుతుంది. రింగులు నిజంగానే పోయాయని తేలితే ఇంజిన్ విప్పక తప్పదు. కానీ అప్పుడు పెట్టే ఖర్చు అనుమానం మీద కాదు, రుజువు మీద పెట్టినట్టు.

అసలు అంతదాకా రాకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది. ఎయిర్ ఫిల్టర్‌ని నిర్లక్ష్యం చేస్తే దుమ్ము లోపలికెళ్లి రింగులనీ బోరునీ ఆకురాయిలా అరగదీస్తుంది. ఆయిల్ సమయానికి మార్చకపోయినా అంతే. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకుండా, కంపెనీ చెప్పిన కూలెంటే వాడాలి. అన్నిటికంటే ముఖ్యం... వేడి చూపించే ముల్లు ఎరుపు వైపు ఎక్కుతుంటే 'ఇంకో రెండు కిలోమీటర్లే కదా' అనుకోవద్దు. అల్యూమినియం హెడ్డు ఆ వేడికి వంకరపోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేయండి. చల్లారే వరకు రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.

మాస్టారి కారు హెడ్డు దించారు. మూడో సిలిండర్ వాల్వు అంచు ఒకచోట కొరికినట్టుగా కాలిపోయి ఉంది. మేస్త్రీ దాన్ని ఆయన చేతిలో పెట్టాడు. హెడ్డుని లేత్‌కి పంపి సీట్లు సరిచేయించి, పొగ పోయే వాల్వులు కొత్తవి వేసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాడు. ఖర్చు తక్కువేమీ కాలేదు. కానీ అమ్మాయి ఫీజు డబ్బుల జోలికి వెళ్లాల్సిన అవసరం రాలేదు. అన్నీ అయ్యాక మేస్త్రీ మళ్లీ గేజీ పెట్టి కొలిచి, బానెట్ లోపల సుద్దతో రాసిన 95ని తుడిచి దాని స్థానంలో 160 వేశాడు.

'ఏడాదికోసారి వచ్చి టాపెట్లు చూపించుకుపోండి మాస్టారూ. దీనికి ఇంకా ఆయుష్షు ఉంది.'

మరుసటి నెల నానమ్మ ఆసుపత్రికి అదే కారులో వచ్చింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, 'ఏరా, కొత్త బండి కొన్నావా? కుదుపే లేదు' అంది. కాలిపోయిన పాత వాల్వు మాత్రం ఇప్పుడు మాస్టారి బల్ల మీద ఉంది. ఎవరైనా 'ఇంజిన్ దించాలట మాస్టారూ' అంటూ దిగులుగా వస్తే, ఆయన దాన్ని చూపించి ఒకటే అడుగుతారు... 'కంప్రెషన్ చూశారా?'